మాత్ర వేసుకున్నావా?

ఖాజాగూడ,
9 ఫిబ్రవరి 2025

లీదియా చిన్నమ్మకు,

వేసుకున్నాను. నీ ప్రతి ఉత్తరం చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పి, తర్వాతే వందనాలు.

రిపోర్టు వచ్చింది. ఆరు నెలలు మాత్రలు వాడాక చేసిన వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ ‘కనబడలేదు’ అని రాశారు. మొదలుపెట్టే ముందు లక్షా పన్నెండు వేలు ఉండేది, ఇప్పుడు మిషనుకు దొరకనంత తక్కువైంది. మందులిచ్చే సెంటర్లో కౌన్సెలర్ ప్రవీణ మేడమ్ కాగితం నా వైపు తిప్పి చూపిస్తే అక్కడే ఏడ్చేశాను. ఆమె ఓదార్చలేదు, నీలాగే ‘నీళ్ళు తాగు’ అంది.

హెచ్‌ఐవీ ఉందని తెలిసిన రోజు నేను ఫోన్ చేసింది నీకొక్కదానికే. పదమూడేళ్లు ఇవే మందులు పంచిన నర్సువి కాబట్టి చేశాననుకున్నావేమో. కాదు, ‘ఎలా వచ్చింది’ అని అడగవని తెలిసి చేశాను. నువ్వు అడగలేదు.

ఇప్పటికీ ఉత్తరాలు రాసేవాళ్ళున్నారా అని మా హాస్టల్ వాచ్‌మన్ నవ్వుతున్నాడు. నీ ఆజ్ఞ అయిపోయె! ఇక్కడ గదికి ముగ్గురం. అక్కడేమో నీ ఫోను ఎప్పుడూ అమ్మ చేతిలోనే, వచ్చిన ప్రతి మెసేజూ వీధికి వినబడేలా చదువుతుంది.

ఒక్కటే బాధ. పొద్దున ఏడున్నరకు ఖాళీ కడుపున మాత్ర వేసుకుని ఆఫీసు క్యాబ్ ఎక్కితే, బయోడైవర్సిటీ సిగ్నల్ దాటేసరికి ఛాతీలో మంట. మాత్ర వల్లనో, క్యాంటీన్ వల్లనో, నువ్వు పంపిన పండుమిరప పచ్చడి వల్లనో తెలియదు. ఇంకో సంగతి అడగాలి. ఆ ఒక్క మాత్రలో మూడు మందులున్నాయట. మూడెందుకు? అవి లోపల చేసే పనేంటి? కనబడలేదంటే పోయినట్టే కదా, మరి జన్మంతా ఎందుకు మింగాలి? ప్రవీణ మేడమ్‌ను అడుగుదామంటే నా వెనక పాతికమంది నిలబడి ఉన్నారు.

నీ
దేవరాజు


జహీరాబాద్,
17 ఫిబ్రవరి 2025

ఒరేయ్ దేవరాజూ,

నీ ఉత్తరం కుట్టు మిషను మీద పెట్టుకుని మూడుసార్లు చదివాను. మీ అమ్మ వచ్చి ‘ఏం కాగితమే అది?’ అంది. బ్యాంకు నోటీసు అన్నాను. ‘నీకు బ్యాంకోళ్ళతోటి ఏం పని పడ్డదే?’ అని అరగంట పరేషాన్ అయింది. నీ కోసం ఈ వయసులో అబద్ధాలు నేర్చుకుంటున్నాను, ప్రభువు క్షమించుగాక.

ఇక నీ ప్రశ్నలు. ఈ వైరస్‌కు సొంతంగా బతకడం చేతకాదు. మన ఒంట్లో కాపలా కాసే తెల్లకణంలోకి దూరి, తన జన్యువుల రాతకు అక్కడ చెల్లే నకలు ఒకటి తయారుచేసుకుంటుంది. ఆ నకలు తయారవడం జిప్పు పడినట్టుగా ఉంటుంది, ఒక్కో పన్నూ తగిలించుకుంటూ పోతుంది. మాత్రలో మొదటి రెండు మందులు నకిలీ పళ్ళు. వైరస్ వాటిని అసలువనుకుని తగిలించుకుంటుంది, దాని మీద ఇంకో పన్ను పట్టదు. జిప్పు అక్కడే ఆగిపోతుంది.

ఎక్కడో ఒక నకలు తప్పించుకుని పూర్తయిందనుకో. దాన్ని మన కణం రాతలో కలిపి కుట్టేయడానికి వైరస్ దగ్గర ఒక సూది ఉంటుంది. ఆ సూదిని పట్టి ఆపేది మూడో మందు, డోలుటెగ్రావిర్. అది నేను రిటైరయ్యాక వచ్చింది, నా చేత్తో పంచలేదు. మంచి మందని అందరూ అంటున్నారు.

మూడెందుకంటావా, వైరస్ నకలు తీసేటప్పుడు చాలా తప్పులు చేస్తుంది. ఏదో ఒక తప్పు ఒక మందు నుంచి తప్పించుకునే దారి అవుతుంది. ఒకేసారి మూడింటినుంచీ తప్పించుకోవడం దాని తరం కాదు. ఇక ‘పోయినట్టే కదా’ అన్నావు. పోలేదు నాయనా. మందులు రాకముందే కుట్టు పడిపోయిన కణాలు కొన్ని నిద్రలో ఉంటాయి. నిద్రపోయేదాన్ని ఏ మందూ ఏమీ చేయలేదు, లేచి నకళ్ళు తీస్తేనే పట్టుకోగలదు. నివురుగప్పిన నిప్పు. మాత్ర మానేస్తే కొన్ని వారాల్లో రాజుకుంటుంది.

కడుపుమంటకు ఫికర్ చేయకు. మందుల షాపులో గులాబి రంగు గ్యాస్ మందు సీసా దొరుకుతుంది. మాత్ర మింగిన వెంటనే దాని మీద రెండు మూతలు తాగు. నా సెంటర్లో వందలమందికి ఇదే చెప్పాను, ఒక్కరికీ ఏమీ కాలేదు. పెద్దల మాట చద్దన్నం మూట. నా పచ్చడిని మాత్రం ఏమీ అనకు.

మాత్ర వేసుకున్నావా?

మీ చిన్నమ్మ


ఖాజాగూడ,
4 మే 2025

చిన్నమ్మా,

వేసుకున్నాను. మాత్ర, దాని మీద రెండు మూతలు, ఆ తర్వాత క్యాబ్. మంట మాయమైంది. నీ చద్దన్నం మూటకు దండం.

ఈ ఉత్తరం ఆలస్యం కావడానికి కారణం ఉంది. చందానగర్ చర్చిలో పరిచయమైన టీచరమ్మాయి ప్రశాంతి గురించి ఒకసారి రాశాను, గుర్తుందా? వాళ్ళది ఏలూరు. నాలుగు నెలల నుంచి చెప్పాలనుకుంటూ నోరు పెగలక తిరుగుతున్నాను. పోయిన ఆదివారం సాయంత్రం ఖాజాగూడ గుట్టల మీద కూర్చుని చెప్పేశాను. ఆమె కింద చెరువు వైపు చూస్తూ కూర్చుంది. నేను లేవబోతుంటే, ‘ఉండండి, నేనింకా ఆలోచించుకుంటున్నాను’ అంది.

మరుసటి శనివారం నాతో సెంటర్‌కు వచ్చింది. వైరస్ కనబడనంత తక్కువగా ఉన్నంత కాలం, పెళ్ళయ్యాక కూడా నా నుంచి ఆమెకు రాదని ప్రవీణ మేడమ్ చెప్పింది. ప్రశాంతి అదే ప్రశ్న మూడు రకాలుగా తిప్పి అడిగింది, పరీక్ష పేపరు దిద్దినట్టే. బయటికొచ్చాక, ‘ఆగస్టులో ఏడాది పరీక్ష కూడా ఇలాగే వస్తే జనవరిలో చేసుకుందామండీ’ అంది.

అమ్మకు నేనే చెప్తాను, పెళ్ళికి ముందే చెప్తాను. అప్పటిదాకా నీ బ్యాంకు నోటీసులు కొనసాగించు.

దేవరాజు


జహీరాబాద్,
12 మే 2025

దేవరాజూ,

ఆ పిల్ల తొందరపడి సరే అననందుకు నాకు నచ్చింది. ఫోన్ నంబరు పంపు. పెళ్ళి జాకెట్టు నేనే కుడతాను, కొలతలు కావాలి. కుడుతున్నానని మీ అమ్మకు చెప్పను, అదొక్కటే కష్టం, నా మిషను మీద ఏ గుడ్డ ఉందో రోజూ చూస్తుంది.

ఆవకాయ డబ్బా బస్సు పార్సెల్లో వేశాను. వెళ్లి తెచ్చుకో.

ఆగస్టు దాకా ఒక్క రోజు తప్పకూడదు. మాత్ర వేసుకున్నావా?

మీ చిన్నమ్మ


ఖాజాగూడ,
12 ఆగస్టు 2025

చిన్నమ్మా,

వేసుకున్నాను. రోజూ వేసుకున్నాను. ముందు ఈ మాట నమ్మి మిగతాది చదువు.

రిపోర్టులో నాలుగు వేల ఎనిమిది వందల అరవై వచ్చింది. ప్రవీణ మేడమ్ మొహంలో నవ్వు లేదు. ‘ఎన్ని రోజులు తప్పినవ్? నిజం చెప్పు, నేనేం అనను’ అంది. ఒక్క రోజూ తప్పలేదని చెప్పాను. ఆమె తల ఊపింది, కానీ కాగితం మీద ఏదో రాసుకుంది. నెల నెలా వచ్చి కౌన్సెలింగ్‌కు కూర్చోవాలి, తర్వాత మళ్లీ పరీక్ష. అప్పటికీ తగ్గకపోతే వైరస్ ఈ మందులకు లొంగడం మానేసిందేమో చూస్తారట.

ప్రశాంతికి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలి? ఏం జరిగిందో నాకు అర్థం కావడం లేదు. నీకేమైనా తడితే రాయి.

దేవరాజు


జహీరాబాద్,
18 ఆగస్టు 2025

దేవరాజు,

నాకు తట్టేది ఒక్కటే, అది నీకు నచ్చదు.

పదమూడేళ్లు ఆ గదిలో కూర్చున్నాను. లోడ్ పెరిగి వచ్చిన ప్రతివాళ్లూ ‘వేసుకున్నానమ్మా’ అనే అన్నారు. ప్రమాణాలు చేశారు, పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నారు. గట్టిగా అడిగితే, పెళ్ళికి పోయి బాటిల్ మర్చిపోయామనో, బాగున్నామని ఒక వారం ఆపామనో బయటికొచ్చేది. మనుషులు అబద్ధమాడతారు, రక్తం ఆడదు. కనబడలేదని చూసి నువ్వూ తేలిగ్గా తీసుకున్నావు. నీ ఫిబ్రవరి ఉత్తరంలోనే ‘పోయినట్టే కదా’ అని రాశావు, నాకు గుర్తుంది.

ప్రశాంతికి ఫోన్ చేశాను. ‘బిడ్డా, వాడు మాత్రలు సరిగ్గ వేస్కుంటలేడు. లోడ్ పెరిగింది. జర ఆగు, తొందర పడకు’ అని చెప్పాను. కోపం వస్తే రానీ. రేపు ఆ పిల్లకు ఏమైనా అయితే మోయాల్సింది నేను కూడా.

నిజం రాయి. మాత్ర వేసుకున్నావా?

లీదియా


ఖాజాగూడ,
25 ఆగస్టు 2025

చిన్నమ్మకు,

నీ ఫోన్ వెళ్ళిన రోజే ప్రశాంతి స్కూలు నుంచి నేరుగా మా హాస్టల్ కింద టీ కొట్టు దగ్గరికి వచ్చింది. రిపోర్టు సంగతి నా నోటితో చెప్పాల్సింది, నీ నోటితో విన్నది. ఆ ఒక్క తప్పు నాదే, చెప్పడంలో ఆలస్యం చేశాను. ‘బాటిల్ తీసుకురండి’ అంది. తెచ్చాను. చేతిరుమాలు పరిచి మాత్రలు దాని మీద పోసి లెక్కపెట్టింది. సెంటర్ వాళ్ళిచ్చిన తేదీ నుంచి చూస్తే పదకొండు మిగలాలి, పదకొండే ఉన్నాయి. మళ్లీ బాటిల్లో పోసి మూత బిగించి, ‘లెక్క సరిపోయిందండీ. కారణం వేరే ఉంది, వెతుకుదాం’ అంది.

ఆమెకు నేను తెలిసి ఏడాది కాలేదు. నన్ను నువ్వు చంకనెత్తుకుని పెంచావు. ఆమె లెక్కపెట్టి నమ్మింది. నువ్వు లెక్క కూడా పెట్టకుండానే తీర్పు చెప్పేశావు. నీ గదిలో అబద్ధమాడినవాళ్ళందరి వరసలో నన్ను నిలబెట్టావు.

ఇక ఉత్తరం చివర ఆ ప్రశ్న రాయకు. ఇన్నాళ్లూ ప్రేమగా అడుగుతున్నావనుకున్నాను. ఇప్పుడది పోలీసు అడిగినట్టుంది.

దేవరాజు


ఖాజాగూడ,
14 సెప్టెంబర్ 2025

చిన్నమ్మకు,

రెండు వాక్యాలే. కారణం దొరికింది, చిన్న విషయం, వేళల తేడా, సరిచేసుకున్నాను. నువ్వు మనసులో పెట్టుకోకు.

దేవరాజు


జహీరాబాద్,
20 సెప్టెంబర్ 2025

దేవరాజూ,

నీ ఆగస్టు ఉత్తరానికి జవాబు రాయడం నాకు చేతకాలేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇప్పుడు ఈ రెండు వాక్యాలు చూసి నా భయం ఇంకా పెరిగింది.

వేళల తేడాతో నాలుగు వేలు పెరగడం నేను చూడలేదు. రెండు మూడు గంటలు అటూ ఇటూ అయితే ఏమీ కాదు. అంటే నువ్వు దాస్తున్నావు. వైరస్ మందుకు లొంగడం లేదని చెప్పారు కదా? నన్ను బాధపెట్టకూడదని చిన్న విషయమంటున్నావు. నేను నర్సునురా, చెప్తే తట్టుకుంటాను. చెప్పకపోతే వచ్చే సోమవారం బస్సెక్కి మీ సెంటర్‌కే వచ్చి అడుగుతాను.

నా దగ్గరికి ఇప్పటికీ పాత పేషెంట్లు వస్తూనే ఉన్నారు. మొన్న కూరగాయలమ్మే కిష్టమ్మ వచ్చింది. ఆమెనూ నీ మాత్రకే మార్చారట, కడుపులో మంటంది. గులాబి మందు చెప్పి పంపాను. ఊరందరికీ వైద్యం చెప్తాను, సొంత బిడ్డ దగ్గర ఏం జరుగుతోందో నాకు తెలియదు.

ప్రశ్న రాయడం లేదు, చూడు.

చిన్నమ్మ


ఖాజాగూడ,
24 సెప్టెంబర్ 2025

చిన్నమ్మా,

నిన్న ఫోన్లో ‘కిష్టమ్మను ఆ గులాబి మందు ఈ రోజే ఆపమను, ఎందుకో ఉత్తరంలో రాస్తాను’ అని పెట్టేశాను. పక్కన అమ్మ గొంతు వినబడింది, అంతకన్నా చెప్పలేకపోయాను. ఇదిగో ఆ ఉత్తరం.

ఈ నెల కౌన్సెలింగ్‌లో ప్రవీణ మేడమ్ కొత్తగా ఒకటి అడిగింది. ‘ఎట్ల వేస్కుంటవో చేసి చూపియ్’ అంది. బల్ల మీద ఖాళీ బాటిల్ ఉంటే దాంతో చూపించాను. మూత తీసి, మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, అలవాటుగా చెయ్యి పక్కకు చాచి ఇంకో మూత తిప్పాను. అక్కడ ఏమీ లేదు, గాలిలోనే తిప్పాను. ‘అదేంది?’ అంది. గ్యాస్ మందు అన్నాను. ఆమె లేచి ఫార్మసిస్ట్ వెంకటరమణ గారిని పిలుచుకొచ్చింది.

‘ఎన్నాళ్ళ నుంచండీ?’ అన్నాడాయన. ఫిబ్రవరి నుంచి అన్నాను. తల పట్టుకున్నాడు.

నీ మిషను పక్కన పిన్నులు ఏరుకునే అయస్కాంతం ఉంటుంది చూడు. వైరస్ సూదిని డోలుటెగ్రావిర్ ఆపేది అలాంటి పట్టుతోనేనట. ఆ సూది మొన దగ్గర రెండు మెగ్నీషియం రేణువులుంటాయి, వాటిని గట్టిగా పట్టుకుని కదలనివ్వదు. లోహాన్ని పట్టుకోవడమే దాని బలం. గులాబి మందులో ఉండేది మెగ్నీషియం, అల్యూమినియం. కడుపులోనే అవి ఎదురైతే మందు వాటినే పట్టుకుంటుంది, చాలా భాగం రక్తంలోకి ఎక్కకుండానే బయటికి పోతుంది. నేను రోజూ మాత్ర మింగాను చిన్నమ్మా, రోజూ దాన్ని నా చేత్తోనే పాడుచేసుకున్నాను. మిగతా రెండు మందులే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చి ఉంటాయన్నాడు. నువ్వు పంచిన పాత మాత్రల్లో ఈ మందు లేదు, అందుకే నీ సెంటర్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఇదే అసలు కారణమా అన్నది మళ్లీ పరీక్ష చేస్తేగాని చెప్పలేనని డాక్టరు అన్నాడు. గ్యాస్ మందు తప్పదనుకుంటే మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత తాగాలి. ముందే తాగి ఉంటే ఆరు గంటలు ఆగి మాత్ర వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలు కూడా ఖాళీ కడుపున దీంతో కలపకూడదు.

ఎవరు చెప్పారని వెంకటరమణ గారు అడిగితే, మందుల షాపాయన అన్నాను. నీ పేరు అక్కడ చెప్పబుద్ధి కాలేదు. నీకు కూడా చెప్పకూడదనుకున్నాను. నీ ఉత్తరంలో కిష్టమ్మ పేరు చూసి ప్రశాంతి మండిపడింది. ‘దాచడం మంచితనం అనుకుంటున్నారు మీరు, అక్కడ ఆవిడ రోజుకు రెండు మూతలు తాగుతుంది’ అంది. నిజమే. నన్ను క్షమించు.

దేవరాజు


జహీరాబాద్,
5 అక్టోబర్ 2025

నా బిడ్డ దేవరాజుకు,

క్షమించమని నువ్వు రాయడమేంట్రా. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నీ ఫోన్ వచ్చిన పూటే కిష్టమ్మ బండి దగ్గరికి పోయి ఆపమన్నాను. ఉత్తరం వచ్చాక కూర్చుని గుర్తుచేసుకున్నాను, కొత్త మాత్ర వేసుకునేవాళ్ళలో ఇంకెవరికి చెప్పానా అని. మొత్తం నలుగురు తేలారు. రెండు రోజులు తిరిగాను. ప్రతి ఇంట్లో, ‘నేను తప్పు చెప్పిన, నాకు తెల్వక చెప్పిన’ అన్నాను. ఈ మాట నా నోట రావడానికి అరవై నాలుగేళ్లు పట్టింది. తిట్టేవాళ్ళు తిట్టారు, పడ్డాను. కిష్టమ్మ మాత్రం వంకాయలు తూస్తూనే, ‘మీరు చెప్పిండ్రని తాగిన సిస్టరమ్మా, మీరు చెప్పిండ్రని బంద్ జేస్త. దానికి ఏడుసుడెందుకు?’ అంది. అంత నమ్మకానికి నేను తగనని ఆమెకెలా చెప్పను?

చద్దన్నం మూట మంచిదే, కానీ ఎన్నాళ్ళ కిందట కట్టిందో చూసుకోవాలి. నేను కట్టింది పాచిపోయింది, వాసన నాకే తెలియలేదు.

మందు సంగతి పొరపాటు. ప్రభువు ముందు అంత భయం లేదు, తెలియక చేశాను. నిన్ను నమ్మకపోవడం పొరపాటు కాదు, అది నా గర్వం. తప్పు నా సీసాలో ఉంటే నీ నోట్లో వెతికాను. మీ సెంటర్‌కు ఫోన్ చేసి ఆ వెంకటరమణ గారికి నా పేరు చెప్పాను. పాత నర్సులు ఇలా చెప్తుంటారు, గ్యాస్ మందు తాగుతున్నారా అని అందరినీ అడగమన్నాను. ప్రశాంతికి కూడా చేశాను. ఆ పిల్ల అన్నీ విని, ‘జాకెట్టు కుట్టడం ఆపలేదు కదండీ?’ అంది. ఆపలేదు. పరీక్ష ఎలా వచ్చినా ఆపను.

నీ చిన్నమ్మ


ఖాజాగూడ,
20 డిసెంబర్ 2025

చిన్నమ్మా,

‘కనబడలేదు.’

ఈసారి ప్రవీణ మేడమ్ కాగితం ముందు ప్రశాంతి వైపు తిప్పింది. ఇద్దరం నీళ్ళు తాగాం. వెంకటరమణ గారు కిటికీలోంచి తొంగిచూసి, గ్యాస్ మందు గురించి ఇప్పుడు గోడ మీద కాగితం అంటించామని, చదవడం రానివాళ్ళకు నోటితో కూడా అడుగుతున్నామని చెప్పాడు. పెళ్ళి జనవరిలో కాదు, ఈస్టర్ వెళ్ళాక. క్రిస్మస్‌కు వస్తున్నాను, అమ్మకు ఎదురుగా కూర్చుని చెప్తాను. నువ్వు పక్కనుండాలి. ఆ తర్వాత బ్యాంకు నోటీసుల అవసరం ఉండదు.

ఒక్క మాట. అక్టోబర్ నుంచి నీ ఉత్తరాలు ‘నీ చిన్నమ్మ’తో ఆగిపోతున్నాయి. నేనే రాయవద్దన్నాను, నువ్వు మాట నిలబెట్టుకున్నావు. కానీ పొద్దున ఏడున్నరకు మాత్ర చేతిలో పట్టుకుంటే ఎవరికి జవాబు చెప్పాలో తెలియక చప్పగా ఉంటోంది. ప్రశాంతిని అడగమంటే, ‘నేను లెక్కపెడతాను, అడగడం మీ చిన్నమ్మగారి పని’ అంటోంది. కార్డు ముక్క మీద రాసినా చాలు. ఎవరు చదివినా నాకేం ఫరవాలేదు.

దేవరాజు


(పోస్టు కార్డు)

జహీరాబాద్,
23 డిసెంబర్ 2025

దేవరాజూ, వేసుకున్నావా?